వయసు తగ్గించే గోలీ, క్యాష్ ఆన్ డెలివరీ

ముందే చెప్పేస్తున్నా, ఆ సీసా ఆర్డర్ పెట్టింది నేనే.

మా ఇల్లు బాగ్ లింగంపల్లిలో, హౌసింగ్ బోర్డు క్వార్టర్స్ వైపు. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా తాత ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు 72 ఏళ్ళు. నానమ్మ పోయి రెండేళ్ళయింది. అంతకుముందు ఆయన పొద్దున్నే సుందరయ్య పార్కులో రెండు రౌండ్లు కొట్టి, అట్నుంచి అటే నడుచుకుంటూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పోయి, అన్ని పేపర్లూ చదివేసి పదకొండింటికి ఇంటికొచ్చేవాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగాలంటే ముందు రెయిలింగ్ వైపు ఒకసారి చూస్తాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటాడు, సౌండు పెద్దగా పెట్టుకుని.

ఒక రాత్రి ఆ ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "గిది జర చదివి చెప్పురా. కింద అంత ఇంగ్లీషుల ఉన్నది."

తెల్లకోటు వేసుకున్న ఒకాయన వీడియో. మనిషి ముసలాడయ్యేది గ్రోత్ హార్మోన్ తగ్గడం వల్లేనట, ఈ క్యాప్సూల్ లోపల నిద్రపోతున్న హార్మోన్‌ని లేపుతుందట, 90 రోజుల్లో ఒంట్లోంచి 20 ఏళ్ళు పోతాయట. "అమెరికా మెడికల్ జర్నల్‌లో నిరూపించారు" అని ఒక లైను. రెండు సీసాలు 2,998 రూపాయలు. కింద ఎర్రటి టైమర్, ఆఫర్ అయిపోవడానికి ఇంకా తొమ్మిది నిమిషాలు. మర్నాడు నాకు డీబీఎంఎస్ ఇంటర్నల్. "మంచిగనే ఉన్నట్టుంది తాతా, క్లినికల్లీ ప్రూవెన్ అని రాశారు" అన్నా. అడ్రస్ టైప్ చేసి బటన్ నొక్కేశా. నాలుగు నిమిషాల పని.

దాదాపు నలభై రోజుల తర్వాత పార్కు గేటు దగ్గర తాత కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. కింది ఇంటి అంకుల్ బండి మీద తీసుకొచ్చాడు. క్లినిక్‌లో చూస్తే షుగర్ 380. మందులు వాడట్లేదా అని డాక్టర్ అడిగితే తాత నా వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. సీసా వచ్చిన దగ్గర్నుంచీ వారానికోసారి ఫోన్ వచ్చేదట. "హెల్త్ అడ్వైజర్" అని ఒక అమ్మాయి, చాలా మర్యాదగా, "అంకుల్ గారూ" అంటూ. ఈ కోర్సు నడుస్తున్నప్పుడు షుగర్ గోలీలు తగ్గించుకోవచ్చు అందట. మా తాత తగ్గించలేదు, మానేశాడు. పద్దెనిమిది రోజులు.

ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తాత మాత్రం తర్వాతెప్పుడో ఒక్క మాట అన్నాడు. "నువ్వు చదివినవ్ గదా, నేనేమో ఫారిన్‌ల జెప్పిండ్రనుకున్న." పన్నెండేళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవాడిని. ఆ మాట తర్వాత కూర్చుని నిజంగా చదివా. ఈ ఆర్టికల్ అదే. తెలుగులో తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతానంది కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

మనకి తెలిసిన సబ్జెక్టుతో మొదలుపెడతా. ఆ పేజీని ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేసి ఇన్‌స్పెక్ట్ కొట్టా. టైమర్ సర్వర్ నుంచి రావట్లేదు. పేజీ లోడ్ అయినప్పుడల్లా 9 నిమిషాల 59 సెకన్ల నుంచి మొదలయ్యే చిన్న జావాస్క్రిప్ట్ ముక్క అది. రిఫ్రెష్ కొడితే ఆఫర్ మళ్ళీ పుడుతుంది. "ప్రస్తుతం 17 మంది చూస్తున్నారు" అనే దాని వెనక ఉన్నది ఒక ర్యాండమ్ నంబర్, 11కీ 29కీ మధ్య. ఫస్ట్ ఇయర్ పిల్లలు ల్యాబ్‌లో రాసే ప్రోగ్రామ్. రివ్యూల్లో ఉన్న ఒక పెద్దాయన ఫొటోని ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే, వేరే సైట్లో వేరే పేరుతో మోకాళ్ళ నూనె గురించి చెబుతున్నాడు. నేను ఇన్నాళ్ళూ ఇవన్నీ తెలిసినవాడినే అనుకున్నా. తెలిసి కూడా ఆ తొమ్మిది నిమిషాలకి తొందరపడ్డా, అదీ నవ్వొచ్చే విషయం.

యాడ్ మా తాతనే ఎలా వెతుక్కుంటూ వచ్చిందీ అంటే, ఆయన మోకాళ్ళ నొప్పుల వీడియోలు చివరిదాకా చూస్తాడు. నానమ్మ పోయిన సంగతి ఆ సిస్టమ్‌కి తెలీదు. రాత్రి ఒంటిగంటకి ఒక ఫోన్ మేలుకుని ఉందనీ, ఇలాంటి వీడియోని స్కిప్ చేయట్లేదనీ మాత్రం తెలుసు. వాచ్ టైమ్ పెరిగితే అదే రకం ఇంకా వస్తుంది. ఒకసారి క్లిక్ చేశాక ఇక వదలదు.

ఇక ఆ "అమెరికా మెడికల్ జర్నల్" సంగతి. నేను పూర్తిగా అబద్ధం అనుకుని వెతికా. కాదు, నిజంగానే ఉంది. 1990 జులై 5న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డేనియల్ రుడ్‌మన్ అనే డాక్టర్, ఆయన టీమ్ ఒక పేపర్ వేశారు. 61 నుంచి 81 ఏళ్ళ మధ్య మగవాళ్ళు 21 మంది. వాళ్ళలో 12 మందికి ఆరు నెలల పాటు వారానికి మూడుసార్లు గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చారు, తొమ్మిది మందికి ఏమీ ఇవ్వలేదు. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో కొవ్వు కాని శరీర బరువు సగటున 8.8 శాతం పెరిగింది, కొవ్వు 14.4 శాతం తగ్గింది. ఈ మార్పు పదీ ఇరవై ఏళ్ళ వయసు మార్పుకి సమానం అన్నట్టు చివర్లో ఒక వాక్యం రాశారు. అంతే, ముప్పై ఏళ్ళకి పైగా ప్రపంచమంతా ఆ ఒక్క వాక్యాన్నే అమ్ముకుంటోంది.

ఆ పేపర్‌లో లేనివి చూడండి. క్యాప్సూల్ లేదు, స్ప్రే లేదు, ఇంజెక్షన్ మాత్రమే. మిగతా తొమ్మిది మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్ కూడా ఇవ్వలేదు, అంటే ఎవరికి మందు పడుతోందో అందరికీ తెలుసు. కండ పెరిగిందన్నారు కానీ బలం పెరిగిందా అని కొలవలేదు. మెట్లు ఎక్కగలిగారా అని ఎవరూ అడగలేదు. మా తాతకి కావాల్సింది అదొక్కటే. అదే సంచికలో మేరీ లీ వాన్స్ అనే ఎండోక్రైనాలజిస్ట్, తొందరపడకండి అని ఎడిటోరియల్ రాశారు. దాన్ని ఎవరూ అమ్ముకోలేదు మరి.

2003 ఫిబ్రవరిలో ఆ జర్నల్ చాలా అరుదైన పని చేసింది. మా పాత పేపర్‌ని యాడ్‌లలో తప్పుగా వాడుతున్నారని ఎడిటర్ జెఫ్రీ డ్రేజెన్ స్వయంగా రాశారు. ఆన్‌లైన్‌లో 1990 పేపర్ తెరిచేవాళ్ళకి ఆ హెచ్చరిక కూడా కనిపించేలా చేశారు. పదమూడేళ్ళ తర్వాత అదే వాన్స్ చేత మళ్ళీ రాయించారు. తర్వాతి స్టడీలన్నీ కలిపి చూస్తే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ఈ ఇంజెక్షన్ వల్ల వచ్చే లాభం తక్కువ, ఒళ్ళు వాపులు, కీళ్ళ నొప్పులు, చేతుల్లో తిమ్మిర్లు ఎక్కువ. ఇంకోటి, గ్రోత్ హార్మోన్ రక్తంలో షుగర్‌ని పెంచుతుంది. ఈ లైను చదివినప్పుడు లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చా. సీసాలో నిజంగా హార్మోన్ ఉండి, అది నిజంగా పనిచేసి ఉంటే మా తాతకి ఇంకా ప్రమాదం అయ్యేది.

ఇదంతా తాతకి చెప్తుంటే ఒక ప్రశ్న వేశాడు. మా బయో సార్ అడిగినా ఇంత బాగా అడిగేవాడు కాదు. "ఇంజెక్షన్ అయితేనే పని జేస్తదంటున్నవ్. మరి మీ నానమ్మ థైరాయిడ్ గోలీ రోజు నోట్లనే ఏసుకుంటుండె గదా? అది గూడ హార్మోనే గదా?"

కరెక్టే. థైరాక్సిన్ కూడా హార్మోనే. కానీ అది చాలా చిన్న అణువు, అమైనో యాసిడ్ ఒకదాన్నుంచి తయారయ్యేది. పొట్టలో విరగదు, పేగుల్లోంచి రక్తంలోకి పోతుంది. గ్రోత్ హార్మోన్ అలాంటిది కాదు. మెదడు కింద శెనగగింజంత పిట్యూటరీ గ్రంథి తయారుచేసే పెద్ద ప్రోటీన్ అది, 191 అమైనో యాసిడ్లు దండలా గుచ్చి ఒక ఆకారంలో మడిచినట్టు ఉంటుంది. నోట్లో వేసుకుంటే పొట్టకి అది ప్రోటీనే. పప్పుని ఎలా ముక్కలు చేస్తుందో దీన్నీ అలాగే చేస్తుంది. విడిపోయిన పూసలకి, తాము ఒకప్పుడు ఏ దండలో ఉన్నామో గుర్తుండదు. ఇన్సులిన్‌లో ఉన్నవి 51 అమైనో యాసిడ్లే, అయినా కింది ఇంటి ఆంటీ ఇన్నేళ్ళుగా పొట్టకి సూది పొడుచుకుంటోంది. గోలీతో అయ్యే పనైతే ఆమెకెందుకా బాధ? ఇది చెప్పాక తాతకి టక్కున అర్థమైంది.

సీసా తయారుచేసినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే లోపల హార్మోన్ వేయరు, "హార్మోన్‌ని లేపే" వస్తువులు వేశామంటారు. మా సీసా లేబుల్ మీద అశ్వగంధ, సఫేద్ ముస్లీ, ఎల్ ఆర్జినిన్ ఉన్నాయి. ఆర్జినిన్ గ్రోత్ హార్మోన్‌ని లేపుతుందనేది అబద్ధం కాదు. పిట్యూటరీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి హాస్పిటల్లో ఆర్జినిన్ టెస్ట్ చేస్తారు. పెద్దవాళ్ళకి 30 గ్రాముల దాకా, అరగంటలో, నరంలోకి ఎక్కిస్తారు. మా సీసాలో ఒక్కో క్యాప్సూల్‌కి 500 మిల్లీగ్రాములు. లెక్క వేసుకోండి, 60 క్యాప్సూల్స్. అంటే నెలకి సరిపడా సీసా మొత్తం ఒకేసారి నరంలోకి పంపాలి. అప్పుడు కూడా హార్మోన్ కాసేపు పెరిగి దిగిపోతుంది. మామూలుగా అది బాగా పెరిగేది గాఢనిద్రలో. మా తాతకి లేనిదీ అదే.

ఇంకో రకం కూడా ఉంది, అమెరికా సైట్లలో "హెచ్‌జీహెచ్ 30ఎక్స్" అని స్ప్రేలు. ఎంసెట్ రాసినవాళ్ళకి సరదాగా ఉంటుంది. 30ఎక్స్ అంటే పదో వంతుకి పలచన చేయడం, అలా ముప్పైసార్లు. ఒకటి పక్కన 30 సున్నాలు. గ్రోత్ హార్మోన్ ఒక మోల్ అంటే దాదాపు 22 కిలోలు. ఆ 22 కిలోలూ ఒక్క సీసాలో కూరి మొదలుపెట్టినా, అవొగాడ్రో నంబర్ ప్రకారం చివరికి 16 లక్షల సీసాలకి ఒక్క అణువు మిగులుతుంది. అదృష్టవంతుడెవరో వాడికి.

ఈ వ్యాపారం మొదలయ్యి వందేళ్ళు దాటింది. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్డ్ అనే పెద్ద శాస్త్రవేత్త, కుక్కల, గినీ పిగ్‌ల వృషణాల నుంచి తీసిన సారాన్ని తనకి తానే ఇంజెక్ట్ చేసుకుని, నాకు బలం తిరిగొచ్చింది అని సభలో ప్రకటించాడు. అప్పుడు ఆయనకి 72 ఏళ్ళు, సరిగ్గా మా తాత వయసు. ఆయన మోసగాడు కాదు, హార్మోన్ల సైన్స్‌కి దారి చూపించినవాళ్ళలో ఒకడు. కానీ ఆ సారం నీళ్ళలో తీసింది, టెస్టోస్టిరాన్ నీళ్ళలో దాదాపుగా కరగదు. ఆయనకి అనిపించిన బలం నమ్మకం ఇచ్చిన బలమే. అయిదేళ్ళకి చనిపోయాడు. తర్వాత కాన్సాస్‌లో జాన్ బ్రింక్లీ అనేవాడు మేక గ్రంథులు మనుషులకి పెడతానని సొంత రేడియో స్టేషన్ పెట్టి మరీ ప్రచారం చేసుకున్నాడు. 1930లో వాడి మెడికల్ లైసెన్సు రద్దు చేస్తే, మెక్సికో బార్డర్ దాటి అక్కణ్ణించి ఇంకా పవర్‌ఫుల్ స్టేషన్ నడిపాడు. ఇప్పుడు ఒక యాడ్ అకౌంట్ బ్యాన్ చేస్తే ఇంకోటి తెరుస్తారు, అదే కథ.

మా తాత కూడా మొదటి పది రోజులు "హుషారుగున్నదిరా" అన్నాడు. అబద్ధం చెప్పాడని నేననుకోను. చాలా రోజుల తర్వాత ఆయన కోసం ఇంట్లో ఒక పార్సిల్ వచ్చింది. వారానికోసారి ఎవరో ఫోన్ చేసి ఎలా ఉన్నారు అని అడిగారు. పక్క గదిలో ఉన్న నేను అడగలేదు.

సరే, చట్టం ఏమంటుంది? ఇక్కడ నాకు బాగా నచ్చిన లాజిక్ ఒకటి దొరికింది. ఫుడ్ సప్లిమెంట్ల మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో తెచ్చిన రెగ్యులేషన్స్ ప్రకారం ఇలాంటి వాటిలో హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదు. కాబట్టి సీసాలో హార్మోన్ ఉంటే చట్టవిరుద్ధం. లేకపోతే "హార్మోన్ సప్లిమెంట్" అన్న యాడ్ అబద్ధం. ట్రూ అయినా ఫాల్సే అయినా దొరికిపోవాలి కదా? మరి ఎందుకు దొరకట్లేదు అంటే, మా సీసా లేబుల్ చూస్తే తెలిసింది. దాని మీద 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉంది. "వైద్య అవసరాలకు కాదు" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 20 ఏళ్ళు తగ్గుతాయని ఎక్కడా లేదు, "తోడ్పడుతుంది" అని మాత్రమే ఉంది. లేబుల్‌ని లాయర్ చూసి పంపినట్టుంది. అబద్ధం వీడియోలో ఉంది. అంతకన్నా పెద్దది ఫోన్ కాల్‌లో ఉంది. వీడియో నాలుగు రోజుల్లో మాయమవుతుంది, కాల్‌కి సాక్ష్యం మా తాత చెవి ఒక్కటే.

మందుగా అమ్మితే రూల్ వేరు. డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక లిస్టు ఉంది, నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడని వాటి లిస్టు. క్యాన్సర్, షుగర్ లాంటి వాటితో పాటు అందులో "యవ్వనం తిరిగి తెచ్చే శక్తి", "అకాల వృద్ధాప్యం" కూడా ఉన్నాయి. ప్రభుత్వ కాగితంలో యవ్వనం అనే మాట చూసి కాసేపు నవ్వుకున్నా. ఇంకోటి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. పేరులోనే మ్యాజిక్ ఉంది. దాని కింద మొదటి తప్పుకి ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మన తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు ఈ చట్టం కిందే షుగర్, కిడ్నీ రాళ్ళు తగ్గిస్తామని లేబుల్ మీద రాసుకున్న మందుల్ని షాపుల్లో పట్టుకుంటున్నారు. 2024లో పతంజలి యాడ్‌ల మీద సుప్రీంకోర్టులో జరిగిన గొడవలో కూడా వచ్చింది ఇదే చట్టం, వాళ్ళు పేపర్లలో క్షమాపణ వేయాల్సి వచ్చింది. వినియోగదారుల చట్టం 2019 ప్రకారమైతే తప్పుదారి పట్టించే యాడ్‌కి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా పెనాల్టీ వేయొచ్చు. యాడ్‌లో నటించినవాళ్ళని కూడా ఏడాది పాటు యాడ్‌లు చేయకుండా ఆపొచ్చు.

ఇది ముసలోళ్ళ టాపిక్ అని స్క్రోల్ చేసేవాళ్ళకి ఒక మాట. నేను వారం రోజులు ఇవన్నీ వెతికేసరికి ఇప్పుడు నా ఫీడ్ మారిపోయింది. "25 దాటకముందే టెస్టోస్టిరాన్ పడిపోతోందా?" అని రోజుకి మూడుసార్లు అడుగుతున్నారు. అశోక్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్‌కి చదివే మా కజిన్ ఇలాంటి గమ్మీలు ఆల్రెడీ తింటున్నాడు, జుట్టు ఊడుతోందని. వాడికి నోటిఫికేషన్ వయసు దాటిపోతుందేమోనని భయం. మా తాతకి మెట్ల భయం. యాడ్ వాడికి రెండూ ఒకటే. ఇంకో యాడ్‌లో "ఏటీపీని పెంచుతుంది" అని ఉంది. 1929లో ఏటీపీని కనుగొన్నవాళ్ళలో ఒకాయన భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అని ఆ గమ్మీ కంపెనీకి తెలిస్తే ఆయన ఫొటో కూడా వేసేస్తుంది.

నేను చేసింది పెద్దదేం కాదు. యాడ్‌ని స్క్రీన్ రికార్డ్ చేశా, యూఆర్ఎల్‌తో, తేదీతో. లేబుల్‌కి నాలుగు వైపులా ఫొటోలు తీశా. తర్వాతి వారం "అడ్వైజర్" ఫోన్ చేసినప్పుడు స్పీకర్‌లో పెట్టించి రికార్డ్ చేశా. షుగర్ గోలీల గురించి తాత అడగ్గానే ఆ అమ్మాయి మళ్ళీ అదే చెప్పింది. గొంతు మన వయసే ఉంటుంది. ముందు స్క్రిప్ట్ ఉన్నట్టుంది, చదువుతోంది. అరుద్దామనుకున్నా, అరవలేకపోయా. నేనూ చదివే కదా ఆర్డర్ పెట్టింది.

ఆ ఫైళ్ళన్నీ కలిపి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కంప్లైంట్ ఇచ్చా, డాకెట్ నంబర్ వచ్చింది. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉన్న సీసా కాబట్టి ఫుడ్ సేఫ్టీ వాళ్ళకి కూడా ఇవ్వాలి. రాష్ట్ర కమిషనర్ ఆఫీసు ఎక్కడో అనుకుంటే, మన నారాయణగూడ ఐపీఎం ఆవరణలోనే. చిన్నప్పుడు టీకాల కోసం తీసుకెళ్ళిన చోటు. సీసా మీద డ్రగ్ లైసెన్స్ నంబర్ ఉంటే మాత్రం వెంగళరావు నగర్‌లోని డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు చూస్తారు, వాళ్ళ టోల్ ఫ్రీ 1800 599 6969. ఏ నంబర్ ఉందో ముందు చూసుకోండి, లేకపోతే ఇక్కడ కాదు అక్కడ అంటారు.

శనివారం ఆ కాగితం ఇవ్వడానికి నారాయణగూడ బయల్దేరుతుంటే తాత చెప్పులేసుకున్నాడు, నేనూ వస్తా అని. ఆటో పిలుస్తానంటే వద్దన్నాడు. రెండు అంతస్తులు దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది, మధ్యలో ఒకసారి ఆగాడు. రిపోర్టులో తేదీ ఏం రాశావో చదువు అన్నాడు. చదివా. "గట్టిగ చదువు" అన్నాడు. మళ్ళీ చదివా.